స్నోమొబైల్‌ను ఎంచుకోవడం ఎలా? ఫ్యాక్టరీ అమరికను ఎప్పుడు, ఎంతవరకు మార్చుకోవాలి?

ముందు స్కీలతో, వెనుక తిరిగే రబ్బరు పట్టీతో (దీన్నే ట్రాక్ అంటారు) మంచు మీద నడిచే బండి స్నోమొబైల్. దాన్ని నడిపేవారికి ఏ తయారీ సంస్థ మీద అభిమానమో రంగును బట్టే గుర్తుపట్టవచ్చు. పసుపు అంటే స్కీ-డూ, ఆకుపచ్చ అంటే ఆర్కిటిక్ క్యాట్, నీలం అంటే యమహా అని పేర్లు పెట్టుకొని, తండ్రి నడిపిన సంస్థ బండినే తామూ కొని, పక్కవారి బండి దారిలో మొరాయించిన రోజును ఏళ్ల తరబడి గుర్తుచేసేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. ఆ అభిమానాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ఒకే సంస్థ బండ్లను చాలాకాలం విప్పి బిగించినవారికి వాటి బలహీనతలు ముందే తెలుస్తాయి, వాటికి సరిపోయే పనిముట్లూ విడిభాగాలూ చేతికి అందుబాటులో ఉంటాయి. అయితే కొనుగోలుకు అభిమానమే ప్రాతిపదిక అయినప్పుడు, నడిపే నేలకు సరిపోని బండి ఇంటికి వస్తుంది, ఆ లోటును పూడ్చడానికి ఖరీదైన మార్పులు మొదలవుతాయి. నేను చూసినంతలో, అనవసరమైన మార్పుల్లో ఎక్కువ భాగం తప్పు బండిని కొనడం వల్ల పుట్టినవే. కాబట్టి కింది పనులను ఇదే వరుసలో చేయవలసిందిగా కోరుతున్నాను.

1. ఎక్కడ నడుపుతారో ముందు రాసి పెట్టుకోండి

గత శీతాకాలంలో మీరు నిజంగా నడిపిన చోట్లను కాగితం మీద రాయండి. నడపాలని కలగన్న చోట్లను అందులో చేర్చవద్దు. చదును చేసిన దారుల మీదే ఎక్కువ సమయం గడిపేవారికి సుమారు 120 నుంచి 137 అంగుళాల పొడవు, అంగుళం లేదా అంగుళంన్నర లోపు ఎత్తు పళ్లు ఉన్న ట్రాక్ సరిపోతుంది. అది మలుపుల్లో చురుకుగా ఉంటుంది. లోతైన పొడి మంచులో, కొండ వాలుల మీద నడిపేవారికి 154 అంగుళాలు, అంతకు మించిన ట్రాక్, రెండున్నర నుంచి మూడు అంగుళాల పళ్లు అవసరమవుతాయి. రెండింటికీ మధ్యస్థంగా ఉండే బండ్లు దారికీ పొడి మంచుకూ పనికివస్తాయి గాని, రెండుచోట్లా కొంత రాజీపడక తప్పదు.

చల్లబరిచే పద్ధతినీ ఇక్కడే ఆలోచించాలి. ద్రవంతో చల్లబడే ఇంజన్లలో వేడిని బయటికి పంపే పలకలు ట్రాక్ పైభాగాన, టన్నెల్ అని పిలిచే ట్రాక్ కప్పు అడుగున ఉంటాయి. ట్రాక్ ఎగజిమ్మే మంచు వాటిని చల్లబరుస్తుంది. గట్టిపడిన మంచుగడ్డ మీద, పలుచని మంచు మీద ఆ సాయం అందదు. మంచు తక్కువగా ఉండే చోట తీరిగ్గా నడిపేవారికి ఫ్యాన్‌తో చల్లబడే సాదా ఇంజన్ మేలైన ఎంపిక. దానికి గొప్ప పేరు రాకపోవచ్చు, పని మాత్రం చేస్తుంది.

2. సంస్థ పేరును, ఈనాటి బండిని విడివిడిగా చూడండి

సంస్థల చరిత్ర తెలిస్తే అభిమానానికి ఒక హద్దు ఏర్పడుతుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, వాల్కోర్ట్ పట్టణానికి చెందిన జోసెఫ్-ఆర్మండ్ బొంబార్డియర్ 1959లో స్కీ-డూను మార్కెట్‌లోకి తెచ్చారు. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో, రోసో పట్టణంలోని ఒక చిన్న యంత్ర కర్మాగారం 1954లో పొలారిస్ అయింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్గర్ హెటీన్ 1960లో బయటికి వచ్చి, అదే రాష్ట్రంలోని థీఫ్ రివర్ ఫాల్స్‌లో మొదలుపెట్టిన సంస్థే ఆర్కిటిక్ క్యాట్‌గా పేరు తెచ్చుకుంది. అంటే, ఈ రెండు సంస్థల అభిమానులు దశాబ్దాలుగా సాగిస్తున్న వాదానికి రెండు పక్షాల మూలంలోనూ ఒకే మనిషి ఉన్నాడు.

ఇంజన్ల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆర్కిటిక్ క్యాట్ చాలాకాలం సుజుకి ఇంజన్లు వాడింది. పొలారిస్ బండ్లలో ఏళ్లపాటు ఫుజి ఇంజన్లు ఉండేవి. స్కీ-డూకు ఆస్ట్రియాలోని రోటాక్స్ ఇంజన్లు వస్తాయి. తరువాతి రోజుల్లో యమహా నాలుగు స్ట్రోకుల ఇంజన్లు ఆర్కిటిక్ క్యాట్ బండ్లలోకి ఎక్కాయి, యమహా పేరుతో అమ్ముడైన కొన్ని బండ్లు ఆర్కిటిక్ క్యాట్ కర్మాగారంలో తయారయ్యాయి. అందువల్ల ఒక సంస్థ బండ్లన్నీ గట్టివని గాని, మరొకదానివన్నీ నాసిరకమని గాని అనడం కుదరదు. మీరు అడగవలసిన ప్రశ్న ఇది: ఈ బండిలో ఏ ఇంజన్ ఉంది, ఏ ఛాసిస్ (బండి చట్రం) ఉంది, ఆ జోడీ వచ్చి ఎన్ని శీతాకాలాలు గడిచాయి?

సంస్థ కొనసాగుతుందా అన్నది కూడా పరిశీలించవలసిందే. 1970ల తొలినాళ్లలో వందకు పైగా తయారీదారులుండేవారు. వారిలో ఎక్కువమంది కొన్నేళ్లలోనే కనుమరుగయ్యారు. 1968లో ఈ రంగంలోకి వచ్చిన యమహా కూడా, ఉత్తర అమెరికాలో 2025 మోడళ్లతో స్నోమొబైల్ అమ్మకాలను ముగించనున్నట్లు 2023లో ప్రకటించింది. ఆ కారణంగా మంచి యమహా బండి చెడ్డదైపోదు, కాని దాన్ని కొనేవారు విడిభాగాల లభ్యతను మరింత శ్రద్ధగా విచారించుకోవాలి.

3. మన్నికను పేరుతో కాక, కళ్లతో కొలవండి

కొత్త బండి అయితే రెండు పనులు చేయండి. సరికొత్త ఇంజన్ విడుదలైన మొదటి ఏడాదే దాన్ని కొనకుండా ఉండగలిగితే ఉండండి. తొలి ఏడాది బయటపడే లోపాలను తయారీదారులు తరువాతి మోడళ్లలో సరిదిద్దుతూ వస్తారు. రెండోది, మీకు అందుబాటులో ఉన్న డీలర్ల వర్క్‌షాపులో ఎవరి పని బాగుంటుందో, శీతాకాలం నడిమధ్యలో విడిభాగం తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో నేరుగా అడగండి. సమానమైన రెండు బండ్లలో ఏది కొనాలో తేలనప్పుడు, మంచి మెకానిక్ దగ్గరలో ఉన్న బండినే కొనమని నేను నిస్సంకోచంగా చెబుతాను.

వాడిన బండి అయితే పరీక్ష లోతుగా సాగాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే చలిలో స్టార్ట్ అయ్యే తీరు మీకు తెలియదు. సిలిండర్‌లోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి తీసుకువెళ్లి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్‌ను కొలవండి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది పది శాతానికి మించితే పిస్టన్‌నో రింగులనో అనుమానించాలి. తరువాత క్లచ్ మూత తెరిచి, రెండు క్లచ్‌లను కలిపే బెల్టు చూడండి. పక్కలు అద్దంలా మెరుస్తున్నా, నారలు బయటికి వస్తున్నా, ఒకచోట నడుము సన్నబడినట్లు అరిగినా, లోపం బెల్టుదే కాకపోవచ్చు. క్లచ్‌లు ఒకదానికొకటి సరిగా వరుసలో లేకపోవడం వల్ల కూడా అలా జరుగుతుంది. క్లచ్ పలకల మీద వేలితో తడిమితే తగిలే గాడి ఉండకూడదు.

వెనుక భాగాన్ని లేపి ట్రాక్‌ను చేత్తో తిప్పండి. చక్రాల బేరింగులు గరగరమంటున్నాయా, పళ్లు చిరిగాయా, హైఫ్యాక్స్ అని పిలిచే ప్లాస్టిక్ జారుడు పట్టీలు గుర్తుగీత దాకా అరిగాయా అన్నవి అప్పుడే తెలుస్తాయి. టన్నెల్ రివెట్లు వదులైతే, ముందువైపు సస్పెన్షన్ చేతులు వంగితే, ఆ బండి దేన్నో గట్టిగా గుద్దింది. ఇంజన్ శక్తిని ట్రాక్‌కు అందించే గొలుసు పెట్టె (చైన్‌కేస్) నూనెలో లోహపు పొడి మెరుస్తోందేమో చూడండి. చివరగా బండి గుర్తింపు సంఖ్యను తయారీదారు వద్ద ఇచ్చి, ఆ మోడల్‌పై ఉన్న భద్రతా మరమ్మతులు జరిగాయో లేదో తెలుసుకోండి. అమెరికాలో వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్, కెనడాలో రవాణా శాఖ ఇలాంటి మరమ్మతుల ప్రకటనలను ప్రచురిస్తాయి.

అమ్మేవారు బండికి చాలా మార్పులు చేయించామని గొప్పగా చెబితే, ప్రతి మార్పుకూ రసీదు, ఎవరు బిగించారన్న వివరం, తీసేసిన అసలు భాగాలు అడగండి. అవి లేని మార్పులకు అదనంగా చెల్లించవద్దు.

4. ఏమీ కొనకముందు, ఉన్నవాటిని సరిచేయండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, నిజానికి ఫలితం అంతా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అమరిక సగటు బరువున్న ఒక ఊహాజనిత మనిషి కోసం చేసినది. మీ బరువు అంతకు తక్కువో ఎక్కువో అయినప్పుడు, బండి ముందుభాగం తిరగడం లేదనో, నడుము విరుగుతోందనో అనిపించి, లోపం బండిదే అనుకుంటాం.

వెనుక బంపర్‌ను, ట్రాక్ నేల వదలకుండా, వీలైనంత పైకి లేపి నేల నుంచి ఎత్తు కొలవండి. తరువాత మీరు నడిపేటప్పుడు వేసుకునే దుస్తులూ బూట్లూ అన్నీ ధరించి, బండి మీద కూర్చొని మళ్లీ కొలిపించండి. ఆ తేడా బండి పుస్తకంలో చెప్పినదానికి దగ్గరగా వచ్చేదాకా వెనుక స్ప్రింగుల బిగువును మార్చండి. మలుపుల్లో స్కీలు పట్టు వదిలి నేరుగా జారిపోతుంటే, ట్రాక్ ముందుభాగాన్ని ఆపే లిమిటర్ పట్టీని కొద్దిగా పొట్టి చేయండి. స్కీల మీద బరువు పెరుగుతుంది. హ్యాండిల్ మరీ బరువుగా ఉంటే, పొడి మంచులో ముందుభాగం పైకి తేలకపోతే, అదే పట్టీని వదులు చేయండి. స్కీలు ఒకదానికొకటి సరైన కోణంలో ఉన్నాయో లేదో కొలవండి. ఇతరుల బండ్లు చేసిన గాడుల్లో బండి అటూ ఇటూ లాగేయడానికి ఇదొక ప్రధాన కారణం. ట్రాక్ మరీ బిగువైతే శక్తి వృథా అవుతుంది, జారుడు పట్టీలు అరుగుతాయి. మరీ వదులైతే బ్రేక్ వేసినప్పుడు పళ్లు దాటుకొని టకటకమంటుంది.

కనీసం మూడు, నాలుగు వందల కిలోమీటర్లు ఇలా సర్దుకుంటూ నడిపాకనే, డబ్బు పెట్టవలసిన అసలు లోటు ఏదో తెలుస్తుంది.

5. నేలకు తగిన చిన్న మార్పులు ముందు చేయండి

స్కీ అడుగున మంచును పట్టుకునే గట్టి కార్బైడ్ కడ్డీలను మీ దారులకు తగినవి వేసుకోవడం, గట్టి మంచు మీద నడిపేవారు ట్రాక్ వైపుకు మంచుపొడి జిమ్మే గీకుడు కడ్డీలను బిగించుకోవడం, చలిగాలిని ఆపే ఎత్తయిన అద్దం వేసుకోవడం వంటివి తక్కువ ప్రమాదంతో ఎక్కువ సుఖాన్నిస్తాయి. మంచుగడ్డల మీద పట్టు కోసం ట్రాక్‌కు మేకులు బిగించేవారు, అవి టన్నెల్‌ను చీల్చకుండా కాపుదల పట్టీలు వేయించుకోవాలి. కొన్ని దారుల్లో మేకులున్న ట్రాక్‌లకు అనుమతి లేదు కనుక ముందే విచారించండి. అదనపు బెల్టు ఎప్పుడూ బండిలోనే ఉండాలి.

క్లచ్ అమరిక వీటికంటే సున్నితమైనది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని ఇంజన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు మూడు శాతం శక్తిని కోల్పోతుంది. మైదానానికి అమర్చిన క్లచ్ బరువులతోనే 2,500 మీటర్ల కొండ మీద నడిపితే, ఇంజన్ తన గరిష్ఠ శక్తినిచ్చే వేగాన్ని చేరుకోలేక నీరసిస్తుంది. పెద్ద రెండు స్ట్రోకుల ఇంజన్లలో ఆ వేగం నిమిషానికి 8,000 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. అప్పుడు ఇంజన్‌కు బిగించిన ప్రైమరీ క్లచ్‌లో తేలికైన బరువులు వేయాలి. ఇది ఆడంబరం కాదు, అవసరం. తయారీదారుల పట్టికల్లోనే ఎత్తును బట్టి ఏ బరువు వేయాలో ఉంటుంది.

6. ఇంజన్ జోలికి వెళ్లేముందు ఆగి ఆలోచించండి

రెండు స్ట్రోకుల ఇంజన్‌లో ఎగ్జాస్ట్ పైపు పొగను బయటికి పంపే గొట్టం మాత్రమే కాదు. అందులోంచి వెనక్కి కొట్టే ఒత్తిడి తరంగమే సిలిండర్‌లో ఎంత ఇంధన-గాలి మిశ్రమం నిలవాలో నిర్ణయిస్తుంది. పైపు మార్చి ఇంధనాన్ని సరిచేయకపోతే మిశ్రమం పలుచబడి, పిస్టన్ వేడెక్కి, రంధ్రం పడేదాకా వెళ్లవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. అలాంటి నష్టానికి వారంటీ వర్తించదని తయారీదారు చెప్పే అవకాశమూ ఎక్కువే.

శబ్దం మరో సమస్య. ఉత్తర అమెరికాలో 1975 నుంచి, ధ్రువీకరణ పొందిన బండ్లు పూర్తి థ్రాటిల్‌లో 15 మీటర్ల దూరాన 78 డెసిబెల్స్ దాటకూడదన్న ప్రమాణం ఉంది. అక్కడ చాలా దారులు ప్రైవేటు భూముల మీదుగా, యజమానుల అనుమతితో సాగుతాయి. ఒక్క బండి రొదకు విసిగి ఒక యజమాని అనుమతి వెనక్కి తీసుకుంటే దారి అందరికీ మూసుకుపోతుంది. సైలెన్సర్ తీసేయడాన్ని నేను ఏ సందర్భంలోనూ సమర్థించలేను.

ఎక్కువ శక్తి తప్పనిసరి అనుకునేవారికి ఇప్పుడు మరో మార్గం ఉంది. రెండు స్ట్రోకుల ఇంజన్లకు ఒకప్పుడు బయటి వర్క్‌షాపుల్లో బిగించిన టర్బోను, స్కీ-డూ 2020 మోడల్‌లోను, పొలారిస్ 2022 మోడల్‌లోను ఫ్యాక్టరీ నుంచే అమర్చి ఇచ్చాయి. ఇంధనం, క్లచ్, శీతలీకరణ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారీదారే చూసిన ఇలాంటి బండి, విడివిడిగా తెచ్చి కలిపిన భాగాల కంటే నమ్మదగినది.

7. ఒకసారి ఒకే మార్పు, ప్రతి మార్పుకూ లెక్క

రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, ఎత్తు, మంచు తీరు, మార్చిన భాగం, మార్చకముందు ఉన్న కొలత రాయండి. అదే దారిలో, అదే రకం మంచులో నడిపి చూసి, తేడా లేకపోతే పాత అమరికకు తిరిగి వెళ్లండి. తీసిన స్ప్రింగులు, బరువులు, పైపు ఏవీ పారేయకుండా, ఏ బండివో చీటీ అంటించి ఒక పెట్టెలో భద్రపరచండి. బండి అమ్మే రోజున ఆ పెట్టెను, ఆ పుస్తకాన్ని కొనేవారి చేతికి ఇవ్వండి.