కొత్త కత్తిని వంచి చూసే ముందు

పోయిన నెల మా పక్క షెడ్డులో ఒక కుర్రవాడు తాను చేసిన తొలి కత్తిని వైసులో (బల్లకు అమర్చిన ఇనుప బిగింపులో) బిగించి వంచాడు. లారీ కమాను పట్టీతో చేసిన కత్తి. ఆ ఉదయమే ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఆకురాయితో రుద్దితే గీత పడకుండా జారిపోతోందని మురిసిపోయాడు. అది వేలెడైనా వంగకుండానే ఫట్‌మని విరిగింది. గోరంత ముక్క చెంపలో దిగబడింది, కంటికి సరిగ్గా కింద.

చేతి తొడుగులు, బూట్ల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: మళ్లీ కాచని కత్తిని పరీక్షకు పెట్టకండి. సుమారు 840 డిగ్రీల వేడి నుంచి నూనెలో మునిగిన కమాను ఉక్కు గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని 200 డిగ్రీల దగ్గర 2 గంటలు కాచి, చల్లార్చి, ఇంకో 2 గంటలు కాచాలి. అప్పుడు గట్టిదనం కొద్దిగా తగ్గి, దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. ఆకురాయి జారడం గట్టిదనానికే సాక్ష్యం, ఓర్పుకు కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను.

ముందు ఆ పట్టీ నుంచే కోసిన తుండును కత్తితోపాటే కాల్చి, ముంచి, దాన్ని గుడ్డలో చుట్టి విరిచి చూడండి. విరిగిన చోట మెత్తని బూడిదరంగు నునుపు కనిపిస్తే మంచిది. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి మితిమీరినట్టే. ఆ కత్తిని ఎంత కాచినా లాభం లేదు, మొదటి నుంచి చేయాలి.

కాచాక వాదరను సన్నని ఇత్తడి కడ్డీ మీద వాలుగా నొక్కండి. వంగి తిరిగి నిలబడితే సరే. వంగినట్టే ఉండిపోతే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు. ఆ తర్వాతే ఎండు వెదురు నరకండి.

కత్తులు చేసేవాళ్ల సంఘమైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలో కత్తిని 90 డిగ్రీలు వంచుతారు. అది చూసి అందరూ అదే చేస్తున్నారు. వాళ్లు ఆ వంపును తట్టుకునేలాగే ఆ కత్తిని తయారు చేస్తారు. పరీక్షతో దాని పని అయిపోతుంది. వంటింటి కత్తికి ఆ పరీక్ష అక్కర్లేదు.

వైసుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. పక్కలు మూసి ఉన్న రక్షణ కళ్లద్దాలే పెట్టుకోండి, చదువుకునే అద్దాలు పనికిరావు. పిల్లలను బయటికి పంపండి. చేత్తో వంచకండి, పొడవాటి గొట్టం తొడిగి వంచండి. మేకు మీద, రాయి మీద కొట్టకండి. గ్రైండరు మీద అంచు నీలం తిరిగిందా, అక్కడ మెత్తబడింది, ఆ ఫలితాన్ని నమ్మకండి. పాత పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి. మళ్లీ కాచలేదా? అయితే వైసు విప్పేయండి. విరిగిన ముక్కలన్నీ కలిపి చూడండి, ఒక్కటి తగ్గినా వెతకండి. కంట్లో గుచ్చుకుంటే నలపకండి, లాగకండి, నీళ్లు కొట్టకండి. చిన్న కప్పు బోర్లించి, కంటిమీద ఒత్తిడి పడకుండా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపల ఉన్నది ఉక్కు ముక్క అని వెళ్లగానే చెప్పండి, ఎంఆర్‌ఐ తీయకూడదు.