ఇద్దరు కలిసి సిగరెట్ మానేటప్పుడు ఒకరికొకరు ఎలా తోడుండాలి

సిగరెట్ మానాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పరు. మానలేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతామన్న జంకు దీనికి కారణం. అయితే చెప్పకుండా మానినవాడికి టీ కొట్టు దగ్గర స్నేహితుడు ఎప్పటిలాగే ఒకటి అందిస్తాడు, అలవాటు పడ్డ చేయి అందుకుంటుంది. అందువల్ల మొదట చేయవలసిన పని కలిసి మానే తోడును వెతుక్కోవడం. రోజూ మీతో కలిసి తాగే మనిషే ఇందుకు అందరికంటే తగినవాడు, ఎందుకంటే మీరు ఏ వేళకు, ఎక్కడ, ఏ మాట మీద వెలిగిస్తారో ఆయనకు తెలిసినంతగా ఇంట్లోవారికి కూడా తెలియదు.

తోడు ఎంత పని చేస్తుందో తెలుసుకోవాలంటే అయ్యప్ప దీక్షను గమనించాలి. ఏళ్ల తరబడి రోజుకో పెట్టె ఖాళీ చేసే మనిషి, మాల వేసుకున్న రోజు నుంచి 41 రోజులపాటు సిగరెట్ ముట్టకుండా ఉండడం మన ఊళ్లలో ఏటా కనిపించే విషయమే. (దీక్షలో ఉండి చాటుగా తాగేవారూ లేకపోలేదు, వారి సంగతి వేరు.) ఇది భక్తి వల్ల మాత్రమే జరగదు. తేదీ ముందే ఖాయమవుతుంది, నల్లబట్టలు చూసినవారెవరూ సిగరెట్ ఇవ్వరు, పక్కన తోటి స్వాములు ఉంటారు, తెల్లవారుజామున చన్నీటి స్నానం మొదలుకొని రాత్రి భజన దాకా చేతికి పని ఉంటుంది. పొగాకులోని మత్తు పదార్థమైన నికోటిన్ అందక శరీరం పడే బాధ మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి, మాల తీసే నాటికి శరీరానికి సిగరెట్‌తో పెద్దగా అవసరం మిగలదు. అయినా మాల తీసిన రోజే వెలిగించేవారు ఉన్నారంటే, చుట్టూ ఉన్న ఆ కట్టుబాటు మాలతోపాటే పోవడమే కారణమని నా అభిప్రాయం. మీరిద్దరూ చేయవలసిందల్లా ఆ కట్టుబాటును మాల లేకుండానే ఏర్పరచుకుని, 41వ రోజు తర్వాత కూడా నిలుపుకోవడం.

తేదీని వారం పది రోజుల లోపే పెట్టుకోండి. నెలాఖరు లెక్కలు, ఇంట్లో పెళ్లి, దూర ప్రయాణం వంటివి లేని వారమైతే మేలు. ముందు రోజు రాత్రి సిగరెట్లు, లైటర్లు, అగ్గిపెట్టెలు, యాష్‌ట్రేలు తీసేయాలి. ఎవరి సామాను వారు వెతుక్కుంటే బండి డిక్కీలోనో, ఆఫీసు డ్రాయర్లోనో ఒకటి మిగిలిపోతుంది గనుక ఒకరి సామాను మరొకరు వెతకడం మంచిది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మామూలుగా కొనే కిళ్లీ కొట్టుకు వెళ్లి, పాత బాకీ తీర్చేసి, “అన్నా, మేము మానేశాం, అడిగినా ఇవ్వొద్దు” అని చెప్పి రండి. “ఒక్కటే తాగి ఆపేస్తాను” అన్న మాటకు ఊతమిచ్చేది కొట్లో దొరికే విడి సిగరెట్టే కాబట్టి ఈ పనిని చిన్నచూపు చూడకండి.

మొదటి మూడు రోజులు ఫోను దగ్గర ఉంచుకోండి. తాగాలని మనసు లాగడం సాధారణంగా ఐదు పది నిమిషాలకు మించి ఉండదు, ఆ కాసేపు దాటించడమే తోడున్నవారి పని. “బావా, కొట్టు దగ్గరున్నాను” అని ఫోను వస్తే ఊపిరితిత్తుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టకూడదు. “ముందు అక్కడి నుంచి నడు, ఫోను పెట్టేయకు, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చావు?” అని అడుగుతూ ఆయన్ను వీధి చివరి దాకా నడిపించాలి. ఆ తర్వాత మాట క్రికెట్ మీదికి మళ్లినా నష్టం లేదు. తోడు ఫోను ఎత్తలేని వేళల కోసం 1800-11-2356 అనే జాతీయ ఉచిత సహాయ నంబరును కూడా రాసి పెట్టుకోండి. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీదే అచ్చవుతున్న ఈ నంబరులో సలహాదారులు మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

టీ, కాఫీల విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పొగ తాగేవారి శరీరం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గి, అదే మోతాదు కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. మానిన వారంలో నిద్ర పట్టకపోవడానికి, గుండె దడకు సిగరెట్ లేకపోవడంతోపాటు ఇది కూడా కారణం కావచ్చు కనుక కాఫీని సగానికి తగ్గించండి. టీని కొట్టు దగ్గర కాకుండా కుర్చీలో కూర్చునే తాగండి. ఇదే కారణం వల్ల ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక జబ్బులకు వాడే క్లోజపిన్, ఓలాంజపిన్ వంటి మందులు వాడుతున్నవారు మానబోయే తేదీని ముందే డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చవలసి రావచ్చు.

సిగరెట్ మీదికి మనసు లాగకుండా నికోటిన్ చూయింగ్ గమ్ వాడేవారు దాన్ని మామూలు బబుల్ గమ్ లాగా నమిలేసి, గొంతు మండుతోందని పక్కన పడేస్తారు. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య ఉంచి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక్కో బిళ్ల అరగంట వస్తుంది. నమలడానికి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, నిమ్మరసం తాగకూడదు. గర్భిణులూ గుండె జబ్బున్నవారూ డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టవద్దు.

ఇక ఇంట్లోవారి సంగతి. వారు చేసే మేలు ఎంతో, తెలియక చేసే చెరుపూ అంతే. “నా మీద ఒట్టేసి చెప్పండి” అని భార్యో, తల్లో పట్టుబట్టడం మన ఇళ్లలో మామూలే. ఒట్టు పెట్టినవాడు ఒకవేళ జారితే ఆ సంగతి ప్రాణం పోయినా బయటపెట్టడు, దాంతో సాయం అందవలసిన వేళలోనే అబద్ధం మొదలవుతుంది. జేబులు తడమడం, నోటి వాసన చూడడం కూడా అదే దారికి తీస్తాయి. “ఇవాళ తాగారా?” అని అడిగే బదులు “ఇవాళ ఏ పూట కష్టమనిపించింది?” అని అడిగితే నిజం బయటికి వస్తుంది. మానినవారు చిన్న విషయానికే కసురుకుంటే, రెండు మూడు వారాలు దాన్ని మనసులో పెట్టుకోకుండా ఉండాలి. సగటున నాలుగైదు కిలోల దాకా బరువు పెరగడం సహజమే, దాని మీద హాస్యాలు వద్దు. వేయించిన శనగలు, సోంపు, లవంగాలు అందుబాటులో ఉంచండి. వక్కపొడి మాత్రం వద్దు, ఎందుకంటే పొగాకు కలవకపోయినా వక్క నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఖైనీ, గుట్కాలకు మారడాన్ని మానడం అనరు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్లలో చుట్ట నిప్పు కొసను నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే నాయనమ్మ ఉంటే ఆమెను కూడా ఈ ఏర్పాటులో కలుపుకోండి, అంగిలిని ఒకసారి దంతవైద్యుడికి చూపించండి.

మందు పార్టీలకు కనీసం మొదటి నెల దూరంగా ఉండడం మేలు, తప్పనిసరైతే ఇద్దరూ కలిసి వెళ్లి కలిసే బయటికి రండి. అయినా ఎవరైనా ఒకటి తాగితే, ఆ రోజే రెండోవారికి చెప్పాలన్న నియమం ముందే పెట్టుకోండి. విన్నవారు ఎవరితో, ఏ వేళకు, ఎక్కడ జరిగిందో మాత్రం అడిగి, మర్నాడు ఆ వేళకు తానే ఫోను చేయాలి. ఒక్కటి తాగినందుకు పెట్టె కొనుక్కోవలసిన పని లేదని గుర్తు చేయాలి. ఆయన పూర్తిగా పాత అలవాటుకే వెళ్లిపోతే, రెండోవారు ఓదార్చడానికని పక్కన నిలబడి ఒక దమ్ము లాగకూడదు. ఆయన కొత్త తేదీ పెట్టుకునేదాకా కలిసి టీకి వెళ్లడం ఆపి, భోజనానికి కలవండి, సాయంత్రం ఫోను మాత్రం మానకండి.