పాత వైస్‌కు ప్రాణం పోసే ముందు

పాత ఇనుప సామాను దుకాణంలో తూకానికి అమ్ముతున్న బెంచి వైస్ (పని చేసే వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు) కంటపడితే చేతిపని తెలిసినవాడికి కాళ్లు ముందుకు సాగవు. పైన తుప్పు అట్టలు కట్టి ఉంటుంది, హ్యాండిల్ వంగి ఉంటుంది, స్క్రూ తిరగనని మొండికేస్తుంది. అయినా సరుకు గట్టిదని చేయి వేయగానే తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ కంపెనీ వైస్‌లు, నీలిరంగు వెలిసిపోయి కూడా, ఇప్పటికీ పాత వర్క్‌షాపుల బల్లల మీద కనిపిస్తుంటాయి. అలాంటిదాన్ని తెచ్చుకుని బాగుచేసుకోవడం మంచి పనే. తెచ్చిన సాయంత్రమే సుత్తి పట్టుకుని దాని ముందు కూర్చోవడమే మంచిది కాదు.

వైస్ ఒళ్లంతా దాదాపు బీడే. పుస్తకాల భాషలో పోత ఇనుము. అందులో కార్బన్ 2 శాతానికి పైనే, సాధారణంగా 3 శాతం దాటి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకులుగా లోపల పరుచుకుంటుంది. మీద బరువు పెడితే బీడు ఎంతైనా మోస్తుంది. లాగినా, వంచినా, దెబ్బ కొట్టినా ఆ రేకుల వెంబడే చీలుతుంది. మామూలు ఇనుప కడ్డీ విరగబోయే ముందు వంగుతుంది, మనకు కాస్త వ్యవధి ఇస్తుంది. బీడుకు ఆ మర్యాద తెలియదు. టక్కుమంటుంది, అంతే. ఈ పనిలో ఎదురయ్యే ప్రమాదాలు చాలావరకు ఈ స్వభావానివే. ఏదీ ముందుగా చెప్పదు.

మొదటి జాగ్రత్త దుకాణంలోనే, డబ్బు చేతులు మారకముందే తీసుకోవాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగే వైస్‌ను చెక్క మీద పెట్టించి చిన్న సుత్తితో అక్కడక్కడ మెల్లగా తట్టండి. పగులు ఉన్నచోట మోత జీరగా వస్తుంది. అయితే బీడు మోత మామూలుగానే మందంగా ఉంటుంది కాబట్టి చెవిని పూర్తిగా నమ్మకూడదు. దుకాణదారు ఓపికపడితే ఇంకో పరీక్ష ఉంది. అనుమానం ఉన్నచోట తుప్పు కాస్త గీకి, కిరోసిన్ పూసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. ఆపైన సుద్దముక్కతో తెల్లగా రుద్దండి. పగులు ఉంటే, అందులో దాగిన కిరోసిన్ కాసేపటికి సుద్దలోకి ఊరుతుంది. తెల్లటి పూత మీద వెంట్రుక మందాన ఒక తడి గీత తేలుతుంది. నా వైస్‌కు ఆ గీత అడుగున బోల్టు వేసే చెవి దగ్గర తేలింది. పైన ఎవరో పుట్టీ నింపి రంగు కొట్టారు. అప్పటిదాకా అది రంగు పొర అంచేమో అనుకున్నాను.

చెవి పగిలితే పనితెలిసిన వెల్డర్ చేత ఇత్తడి అతుకు వేయించి వాడుకోవచ్చు. బీడును ముందు అంతటా సమంగా వేడిచేసి, అతుకు పడ్డాక పొడి బూడిదలోనో ఇసుకలోనో పూడ్చి నిదానంగా చల్లారనివ్వాలి. పావుగంటలో అతికి ఇచ్చేస్తానన్నవాడి దగ్గర్నుంచి వైస్ వెనక్కి తెచ్చేసుకోండి. కదిలే దవడ మెడ దగ్గర పగులు కనిపిస్తే మాత్రం ఆ బేరం వదిలేయండి. బిగించినప్పుడు బలమంతా పడేది అక్కడే.

ఇక బరువు. 6 అంగుళాల దవడ ఉన్న వైస్ పాతిక కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్కరే ఎత్తవద్దని అందరూ చెబుతారు. అసలు ముప్పు ఎత్తేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. హ్యాండిల్ ఎడమకు తిప్పుతూ పోతే ముందు దవడ నెమ్మదిగా బయటికి జరుగుతూ వస్తుంది. ఒక దశలో చేతికి ఉన్నట్టుండి తేలికవుతుంది. స్క్రూ నట్టు నుంచి విడిపోయిందన్నమాట. దవడ ఇంకా వైస్ గూటిలోనే ఉంటుంది కాబట్టి స్థిరంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంకో నాలుగు వేళ్లు లాగగానే బరువు ముందుకు ఒరుగుతుంది, దవడ, పట్టె, స్క్రూ అన్నీ కలిసి ఒకే ముద్దగా కిందికి వస్తాయి. మొదటిసారి నాకు అది ఎడమ కాలి బొటనవేలికి రెండంగుళాల దూరంలో పడింది. గచ్చులో పడిన గుంట ఇంకా అలాగే ఉంది. మా ఆవిడ దాన్ని పూడ్చనివ్వలేదు, నేను కొత్త పని మొదలుపెట్టినప్పుడల్లా అటు చూపిస్తుంది.

అందుకే విప్పే పని బల్ల మీద పెట్టుకోకండి. నేల మీద గోనెసంచి మడతలు పరిచి, కదిలే దవడ కింద సరిపడా ఎత్తున చెక్కదిమ్మె ఉంచి, అప్పుడు తిప్పండి. మనలో చాలామంది ఇంటి పని చెప్పులతోనే, ఒక్కోసారి అవి కూడా లేకుండానే చేస్తాం. ఈ పనికి బూట్లు ఉండాల్సిందే, ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉన్నవైతే మరీ మంచిది. కొన్ని వైస్‌లలో స్క్రూను పట్టి ఉంచే చోట కాలరు, స్ప్రింగు, స్ప్లిట్ పిన్ను ఉంటాయి. మీట నొక్కితే దవడ ఒక్కసారిగా జారే రకంలో మరో స్ప్రింగు ఉంటుంది. పిన్ను లాగిన క్షణంలో ఈ స్ప్రింగులు ఎటు ఎగురుతాయో చెప్పలేం. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవడం గ్రైండర్ తీసినప్పటి నుంచి కాదు, పిన్ను మీద చేయి వేసినప్పటి నుంచి మొదలుకావాలి.

బిగుసుకుపోయిన స్క్రూతోనే మనిషికి ఓపిక పోతుంది. తుప్పు వదిలించే నూనె వేసి రెండు మూడు రోజులు ఆగండి, రోజూ రెండుసార్లు మళ్లీ వేయండి. హ్యాండిల్‌కు పైపు తొడిగి వేలాడితే స్క్రూ కంటే ముందు బీడు విరుగుతుంది. గ్యాసు మంటతో ఒకేచోట ఎర్రగా కాల్చినా అంతే, చుట్టూ చల్లగా ఉన్న భాగం ఆ ఉబ్బును తట్టుకోలేదు. వేడెక్కినదాని మీద నీళ్లు చల్లే పని అసలే వద్దు. నూనె పూసిన భాగానికి మంట చూపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

దవడలకు బిగించిన పలకలు గట్టిపరచిన ఉక్కువి. వాటి మీద సుత్తితో నేరుగా కొడితే అంచు నుంచి గోరంత ముక్క లేచి తూటాలా పోతుంది. కొట్టాల్సి వస్తే మధ్యలో ఇత్తడి ముక్కో రాగి ముక్కో పెట్టండి. తల పుట్టగొడుగులా విచ్చుకున్న పాత ఉలిని ముందు గ్రైండర్ మీద సరిచేయండి, ఆ విచ్చుకున్న అంచులూ అలాగే ఎగురుతాయి.

అందరూ తేలిగ్గా తీసుకునేది పాత రంగు. ఇనుముకు తుప్పు పట్టకుండా ముందుపూతగా సీసపు సిందూరం కొట్టడం ఒకప్పుడు ప్రపంచమంతా ఉన్న అలవాటు. పై రంగుల్లోనూ సీసం కలిసేది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదన్న నియమాలు మన దేశంలో 2016లో వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలవుతున్నాయి. యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగులు వాటి పరిధిలో లేవు. కాబట్టి పాత వైస్ మీది రంగులో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా గరుకు కాగితంతో రుద్దడం, తీగ బ్రష్షుతో ఎగరగొట్టడం, మంటతో కాల్చి ఊడగొట్టడం, ఈ మూడూ రంగును ఊపిరిలోకి పంపే దారులే. రంగు ఊడే రసాయనం పూసి మెత్తబడ్డాక, తడిగా ఉండగానే గీకండి. ఆ రసాయనం కూడా చర్మాన్ని కాలుస్తుంది, దాని ఆవిరి తలకెక్కుతుంది. గాలి ఆడే ఆరుబయట, రసాయనాలకు పనికొచ్చే రబ్బరు తొడుగులతో ఈ పని చేయాలి.

కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులను దానిలోనే మూటకట్టండి. చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే పెద్ద రేణువులు ఆగుతాయేమో కానీ సీసపు ధూళి ఆగదు. ముఖానికి సరిగ్గా అంటుకునే ఎన్-95 రకం మాస్కు అయినా ఉండాలి, మార్చుకునే ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు ఇంకా నయం. చేతులు కడగకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు. ఆ రోజు వేసుకున్న బట్టలు వేరుగా ఉతకాలి. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో వాకిట్లో కూడా ఈ పని పెట్టుకోవద్దనే నా మాట. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, అది సోకినట్టు బయటికి వెంటనే తెలియదు.

రంగు పోయాక మిగిలిన తుప్పుకు గ్రైండర్ మీద తీగ బ్రష్షు వాడితే మరింత జాగ్రత్తగా ఉండాలి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. బ్రష్షు మీద రాసి ఉన్న వేగం అంతకు తగ్గకూడదు. ఊడిన తీగ సూదిలా వచ్చి గుచ్చుకుంటుంది. చొక్కా దాటి పొట్టలో దిగిన తీగను పట్టుకారుతో లాక్కున్న అనుభవం నాది. కళ్లద్దాల పైన ముఖం మొత్తం కప్పే అడ్డు కూడా ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, ఉంగరం, ఇవేవీ ఒంటి మీద ఉండకూడదు. నూలు చేతితొడుగు దారం చిక్కుకుంటే చేతినీ లాక్కుపోతుంది.

తుప్పును నీళ్లలో పెట్టి వదిలించే పద్ధతుల్లో కరెంటు పద్ధతి నాకు నచ్చుతుంది, దవడ పళ్ల సందుల్లోకీ వెళ్తుంది. ప్లాస్టిక్ తొట్టి, నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక చెంచా చాకలి సోడా, బ్యాటరీ ఛార్జరు ఉంటే చాలు. వైస్‌కు మైనస్ తీగ, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప ముక్కకు ప్లస్ తీగ. తారుమారైతే వైసే కరుగుతుంది. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇనుప ముక్కకు బదులు పాత స్టీలు గిన్నె వేలాడదీస్తే నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. వీధి కాలువలో పారబోసే నీళ్లు కావు అవి. సరిగ్గా చేసినా హైడ్రోజన్ బుడగలు వస్తూనే ఉంటాయి, కాబట్టి మూసిన గదిలో వద్దు, దగ్గర్లో బీడీ వెలిగించవద్దు. తీగలు తగిలించడం, తీయడం ఛార్జరు ఆపాకే. వానాకాలం తడి నేల మీద వట్టి కాళ్లతో ఛార్జరు ముట్టుకోవద్దు, ఇంటి కరెంటు లీకును పసిగట్టి ఆపే స్విచ్చు ఉందో లేదో ముందే చూసుకోండి.

మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లంతో అయితే అరగంటలో పని అయిపోతుందనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఇనుమునూ తింటుంది, దాని ఆవిరి పక్కనున్న పనిముట్లకూ తుప్పు పట్టిస్తుంది. బ్లీచింగ్ పొడితో కలిస్తే విషవాయువు వస్తుంది. చింతపండు పులుసు నిదానం, కానీ ఎవరికీ హాని లేదు. ఇత్తడి బిందెలు తోమిన చేతులు ఆ సంగతి ఎప్పుడో చెప్పాయి. ఏ పులుపు వాడినా రాత్రంతా వదిలేయకుండా మధ్యమధ్య చూడండి. ఎక్కువసేపు నానితే బీడు మీద నల్లటి గ్రాఫైట్ మసి తేలుతుంది.

జిడ్డు కడగడానికి పెట్రోలు వాడకండి. మెకానిక్కులు వాడతారన్నది సమాధానం కాదు. కిరోసిన్ కాస్త మేలు, కానీ అది కూడా సుమారు 38 డిగ్రీల నుంచి మంట అందుకునేంత ఆవిరి విడుస్తుంది. మే నెలలో రెంటచింతల లాంటి చోట మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటినప్పుడు కిరోసిన్ పళ్లెం ముందు కూర్చున్నవాడు పెట్రోలు ముందు కూర్చున్నంత జాగ్రత్తగా ఉండాలి. పొద్దున్నే కడిగేయండి. పైపూతగా అవిసె నూనె రాసేవాళ్లు ఉన్నారు. ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

అన్నీ అయ్యాక బల్లకు బిగించేటప్పుడు చాలామంది చేయి జారుతుంది. బల్ల ఎగుడుదిగుడుగా ఉంటే, నాలుగు బోల్టులూ ఒకేసారి కసిగా బిగిస్తే, గాలిలో ఉన్న చెవి కిందికి వంగలేక విరుగుతుంది. నా వైస్ చెవి మీద సుద్దలో తేలిన గీత అలా వచ్చిందేనని నా అనుమానం. ముందు బోల్టులు లేకుండా వైస్‌ను బల్ల మీద పెట్టి మూల మూలా నొక్కి చూడండి. ఊగుతున్న మూల కింద పలుచటి రేకు ముక్క దోపి, ఊగడం ఆగాక, ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా బిగించండి.