పాత మహీంద్రా జీపు కొనాలా వద్దా? బానెట్ ఎత్తేముందు కింద దూరి చూడండి

నేను మొదటి జీపు కొన్నప్పుడు ముందుగా ఇంజన్ చప్పుడు విన్నాను. అది 1994 మోడల్ ఎంఎం 540, ఏపీ 35 నంబరు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, పొగ లేదు, ఒంటి మీద కొత్త ఆకుపచ్చ రంగు. మనసు ఆగలేదు, అదే రోజు అడ్వాన్స్ ఇచ్చేశాను. నాలుగు నెలలకి శృంగవరపుకోట దగ్గర మా జీడితోటలో బస్తాలు ఎక్కిస్తుంటే వెనక ఎడమవైపు కమాను (బరువు ఆపే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, చీలిపోయింది. పైనున్న నల్లరంగు గీకితే పాత వెల్డింగ్ అతుకులు, వాటి కింద పొరలు పొరలుగా తుప్పు. మా మెకానిక్ పెద్దాయన చూసి, "బాబూ, ఇంజన్ పోతే మళ్ళీ కట్టించుకోవచ్చు. ఇది పోయాక మిగిలేదేముంది?" అన్నాడు.

ఆ తర్వాత నాకోసం, తెలిసినవాళ్ళకోసం చాలా జీపులు చూశాను. ఇప్పుడు నా వరస మారింది: ముందు కాగితాలు, తర్వాత ఛాసిస్, ఆ రెండూ బాగుంటేనే ఇంజన్.

కాగితాల పని బయల్దేరకముందే సగం అయిపోవాలి. ఆర్సీ ఫొటో తెప్పించుకుని ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. సొంత బండికి ఆర్సీ 15 ఏళ్ళు ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్. 20 ఏళ్ళు దాటిన జీపుకి 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10,000 రూపాయలు, కాబట్టి గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకునే బేరం ఆడాలి. ఫైనాన్స్ ఉన్నట్టు కనిపిస్తే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ చేతికి రావాలి. మా వైపు ఒడిశా బండ్లు చాలా వస్తాయి. వాటికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఫారం 28 (బండి వేరే చోటికి మార్చడానికి అభ్యంతరం లేదనే కాగితం) లేకపోతే ఎంత చవకైనా వదిలేస్తాను.

ఆర్సీలో ఇంధనం, బాడీ రకం కూడా చదవండి. పాత పెట్రోల్ జీపులకి డీజిల్ ఇంజన్ ఎక్కించినవి, బాడీ కోసి పొట్టి చేసినవి, వెనక తొట్టి మార్చినవి ఎన్నో తిరుగుతున్నాయి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది. ఆర్సీలో ఒకటి, ఎదురుగా ఇంకొకటి ఉంటే రెన్యూవల్ రోజున ఆ టెన్షన్ మీదే. బండి దగ్గరికి వెళ్ళాక ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో రావాలి. చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

ఇక అసలు పని. పాత లుంగీ ఒకటి, టార్చి, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్, అయస్కాంతం పట్టుకెళ్ళండి. లుంగీ పరుచుకుని బండి కిందికి దూరండి. బండి పొడవునా వెళ్ళే రెండు ఛాసిస్ పట్టీలని సుత్తితో జానెడుకో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పొండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట చప్పుడు మూగగా వస్తుంది, తుప్పు రాలి కళ్ళలో పడుతుంది. అలాంటి చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. దిగబడితే అర్థమైపోతుంది. కమాన్లు బిగించే బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు కూర్చునే చోటు, వెనక హుక్కు ఉండే అడ్డపట్టీ, ఈ మూడింటి దగ్గర తొందరపడకండి. బండంతా దుమ్ముగా ఉండి ఛాసిస్ ఒక్కటే కొత్త నల్లరంగుతో మెరుస్తుంటే అక్కడ గీకి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఈ బండి ఇన్నాళ్ళూ ఎక్కడ బతికిందో కూడా అడగాలి. భీమిలి లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉప్పుగాలికి నిలబడ్డ జీపుకీ, అనంతపురం ఎండల్లో తిరిగిన జీపుకీ చాలా తేడా ఉంటుంది. రెండోదానికి రంగు వెలిసిపోయి ఉండొచ్చు, సీట్లు పగిలి ఉండొచ్చు. అయినా నేను దాన్నే ఇష్టపడతాను.

బాడీ మీద అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోని చోట రేకు బదులు లప్పం ఉన్నట్టు. కాళ్ళ దగ్గర మ్యాటు ఎత్తితే నేల రేకు సంగతి తెలుస్తుంది. టింకరింగ్‌తో సరిపోయేదైతే భయపడక్కర్లేదు, కానీ ఆ పని ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు, ఎక్కువ డబ్బు తింటుంది.

ఇంజన్ దగ్గరికి వద్దాం. "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే రేడియేటర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి, చల్లారాక మొదలుపెట్టండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్ళ మీద ఆయిల్ తెట్టు ఉందేమో చూడాలి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టుంటే హెడ్ గ్యాస్కెట్ (నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే సీలు) పని ఉన్నట్టే. స్టార్ట్ చేశాక మొదటి నిమిషం తెల్లపొగ పరవాలేదు. వేడెక్కాక కూడా నీలంపొగ ఆగకపోతే ఆయిల్ తాగుతోంది. నల్లపొగకి ఎయిర్ ఫిల్టరో, డీజిల్ పంపో, నాజిళ్ళో కారణమై ఉంటాయి. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టండి. గాలి గుప్పుగుప్పున తంతుంటే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, బోరింగ్ పని, అంటే అరిగిన సిలిండర్లు మళ్ళీ కోయించడం, దగ్గరపడింది. దీనికి నేను బండి వదిలెయ్యను. ఎంఎం 540లో ఉండే 2,112 సీసీ ప్యూజో ఇంజన్ తెలిసిన చేతులు విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాయి, సామాన్లకి హైదరాబాద్ రాణిగంజ్ ఉంది. ఆ ఖర్చు లెక్కేసి ధరలో తగ్గించమంటాను.

నడిపేటప్పుడు ఒక దిగుడు వెతుక్కోండి. రెండో గేరులో దిగుతూ యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి ఎగిరిపోకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్‌ని తారురోడ్డు మీద కాకుండా మట్టిలో వేసి చూడండి. అంతకుముందు ముందు చక్రాలని తిప్పే షాఫ్టు అసలు ఉందో లేదో చూసుకోండి, డీజిల్ కలిసొస్తుందని తీసేసిన బండ్లు నాకు చాలా తగిలాయి. అనంతగిరి వైపు కటికి జలపాతానికి ఆ రాళ్ళ దారిలో జనాన్ని ఎక్కించుకెళ్ళే జీపులు చూసినప్పుడల్లా, సరిగ్గా చూసుకుంటే ఈ బండి ఎంత పని చేస్తుందో అనిపించి నాకు సంతోషంగా ఉంటుంది.

బేరం కుదిరాక పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. బండి చేతులు మారిన తేదీ, టైము కూడా ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ మాత్రం అన్ని రోజులు ఆగకుండా ఆ వారంలోనే మీ పేరుకి మార్పించండి. బస్తాలు ఎక్కించడం ఆ తర్వాతే.