స్ట్రాటజీ గేమ్స్‌కు ల్యాప్‌టాప్: డబ్బు ప్రాసెసర్ మీద పెట్టాలా, గ్రాఫిక్స్ మీద పెట్టాలా?

సివిలైజేషన్ 6లో మొదటి యాభై టర్న్‌లు (వంతులు) ఏ ల్యాప్‌టాప్‌లోనైనా చకచకా సాగిపోతాయి. అసలు సంగతి బయటపడేది 250వ టర్న్ దగ్గర. పెద్ద మ్యాప్, కంప్యూటర్ ఆడించే రాజులు పది మందికి పైనే. 'నెక్స్ట్ టర్న్' నొక్కాక వాళ్లందరి వంతూ అయ్యేదాకా మనం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. ఆ రాజుల ఎత్తుగడలు లెక్కవేసేది ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా ఆ ఎదురుచూపు తగ్గదు.

షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్ల సలహా విని ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే. కొనేముందు ఈ పనులు వరుసగా చేయండి.

1. మీరు ఆడే ఆటల పేర్లు రాసుకోండి

'స్ట్రాటజీ' అనే ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. స్టెల్లారిస్, క్రూసేడర్ కింగ్స్ 3 లాంటివి పూర్తిగా లెక్కల ఆటలు. స్టెల్లారిస్‌లో గ్రహాల మీద జనాభా పెరిగేకొద్దీ రోజులు నత్తనడక నడుస్తాయి. వీటికి ప్రాసెసరే ప్రాణం.

2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2 కథ వేరు. అది ప్రధానంగా ఒకటి రెండు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) మీదే నడుస్తుంది. పదహారు కోర్లున్నా మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. అక్కడ కావలసింది ఒక్కో కోర్ వేగం.

టోటల్ వార్: వార్‌హ్యామర్ 3 మాత్రం రెండువైపులా పిండేస్తుంది. వేలమంది సైనికులు ఒకేసారి తలపడే యుద్ధరంగాన్ని గీయడానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ సైనికులను కదపడానికి, క్యాంపెయిన్ మ్యాప్‌లో ప్రత్యర్థుల వంతులు పూర్తిచేయడానికి ప్రాసెసర్ కావాలి. మీ జాబితాలో ఇలాంటి ఆట ఉంటే గ్రాఫిక్స్ దగ్గర మరీ పిసినారితనం వద్దు.

2. ఇప్పుడున్న కంప్యూటర్‌లోనే పరీక్షించండి

పాతదైనా పర్వాలేదు. బాగా ముదిరిన సేవ్ (చాలా దూరం ఆడి దాచుకున్న ఆట) ఒకటి తెరవండి. ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేముల వేగానికి హద్దుపెట్టే వి-సింక్, ఫ్రేమ్ లిమిట్ ఆపేసి, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వస్తున్నాయో చూసుకోండి. తర్వాత రిజల్యూషన్‌ను (బొమ్మలోని చుక్కల సంఖ్యను) 1080పీ నుంచి 720పీకి దించి అదే చోట మళ్లీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్. దాదాపు కదలకపోతే ప్రాసెసర్.

టాస్క్ మేనేజర్ చూసి మాత్రం మోసపోకండి. అందులో ప్రాసెసర్ వాడకం 15 శాతమే కనబడితే 'ఇంకా బోలెడు శక్తి మిగిలుంది' అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 16 థ్రెడ్లున్న (ఒకేసారి 16 పనుల వరుసలు నడిపే) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేసినా మొత్తంలో అది 6 శాతం చిల్లరే. పైగా విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు మారుస్తుంటుంది కాబట్టి ఏ కోరూ నిండినట్టు కనబడకపోవచ్చు. అందుకే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం చూడండి. ఆట నత్తనడక నడుస్తున్నా అది 95 శాతం దరిదాపుల్లో లేదంటే, కార్డు ఖాళీగా ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట.

3. ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చదవండి

ఇంటెల్‌లో 12 నుంచి 14వ తరం దాకా యూ అంటే సాధారణంగా 15 వాట్ల రకం, హెచ్ అంటే 45, హెచ్ఎక్స్ అంటే 55. వాట్లు ఎక్కువున్నది ఎక్కువసేపు వేగంగా నడవగలదు. పేరులో ఐ7 అని ఉన్నంత మాత్రాన సంబరపడక్కర్లేదు. గంటల తరబడి ఆడేటప్పుడు యూ రకం ఐ7 కంటే హెచ్ రకం ఐ5 నిలకడగా పనిచేయవచ్చు.

క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) కూడా చూడండి. లెక్కల ఆటలకు అది బాగా కలిసొస్తుంది. 2023లో వచ్చిన ఏఎమ్‌డీ ప్రాసెసర్ రైజెన్ 9 7945హెచ్ఎక్స్3డీలో ఎల్3 (ఆ క్యాష్‌లో పెద్ద అంచె) క్యాష్ 128 ఎంబీ. పేరులో 3డీ లేని దాని జోడీ 7945హెచ్ఎక్స్‌లో 64 ఎంబీయే. అయితే ఇలాంటి చిప్‌లు భారీ ల్యాప్‌టాప్‌లలోనే దొరుకుతాయి. దొరకలేదని టెన్షన్ పడకండి, కొత్త తరం హెచ్ రకం చాలామందికి సరిపోతుంది.

4. గ్రాఫిక్స్ కార్డు వాట్లు అడగండి

ల్యాప్‌టాప్‌ల్లో పెట్టే ఆర్‌టీఎక్స్ 4060ను తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చుకోవచ్చు. పెట్టె మీద పేరు ఒకటే, పనితనంలో మాత్రం పెద్ద తేడా. వాట్ల లెక్క స్పెసిఫికేషన్లలో టీజీపీ పేరుతో ఉంటుంది. రాయకపోతే అడిగి తెలుసుకోండి. 1080పీలో ఆడేవారికి 8 జీబీ వీడియో మెమరీ ఉన్న మధ్యస్థాయి కార్డు చాలు. అంతకుమించి పెట్టే డబ్బును నేనైతే ప్రాసెసర్‌కు మళ్లిస్తాను.

5. ర్యామ్

16 జీబీకి తగ్గొద్దు. ఒకే కడ్డీగా కాకుండా రెండుగా ఉంటే ప్రాసెసర్‌కు డేటా త్వరగా అందుతుంది.

6. కొన్నాక, వాపసు గడువు దాటకముందే

మీ ముదిరిన సేవ్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోండి. ఛార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద వేగం పడిపోతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక టర్న్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. గంటసేపు ఆడాక అదే సేవ్ మళ్లీ తెరిచి, అదే టర్న్ మళ్లీ కొలవండి. మొదట 20 సెకన్లు పట్టినది ఇప్పుడు 30 పడితే వేడికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటోందన్నమాట. ఫ్యాన్ మోడ్ మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే వాపసు ఇచ్చేయండి.