తగువులో మూడో మనిషిగా దిగేముందు: అంతర్జాతీయ మధ్యవర్తి బృందానికి పని పద్ధతి

ఎవరు పిలిస్తే వెళ్తున్నారో ముందు తేల్చుకోండి. ఐక్యరాజ్య సమితి చార్టర్ 2(7) అధికరణం ప్రకారం ఒక దేశపు ఇంటి వ్యవహారాల్లో సమితి వేలు పెట్టకూడదు. ఏడో అధ్యాయం కింద భద్రతా మండలి తీసుకునే నిర్బంధ చర్యలకు మాత్రం మినహాయింపు ఉంది. దానికి 15 ఓట్లలో 9 రావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఏదీ వీటో వేయకూడదు. అంతా కలిసొచ్చినా, అక్కడివాళ్లు కాదంటే మీ జీపు చెక్‌పోస్టు దాటదు. 1956లో ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య సినాయ్‌లో దిగిన సమితి దళం ఈజిప్టు వైపే ఉండాల్సి వచ్చింది, ఇజ్రాయెల్ తన వైపు రానివ్వలేదు. 1967 మేలో ఈజిప్టు పొమ్మంది, దళం సర్దుకుంది, జూన్‌లో యుద్ధం వచ్చింది. కాబట్టి సమ్మతి పత్రంలోనే ‘పొమ్మనాలంటే ఇన్ని రోజుల ముందు నోటీసు’ అని రాయించుకోండి.

తర్వాత, తుపాకీ ఎవరి చేతిలో ఉందో వాళ్ల సంతకం. 1987 జులై 29న భారత-శ్రీలంక ఒప్పందం మీద రెండు ప్రభుత్వాలు సంతకం చేశాయి, శ్రీలంక ప్రభుత్వంతో పోరాడుతున్న తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ చేయలేదు. ఆయుధాలు అప్పగించుకోవడానికి వెళ్లిన భారత శాంతి సేన అక్టోబరుకల్లా ఆ సంస్థతోనే పోరాడుతోంది. పెద్ద నాయకుల సంతకం కూడా చాలదు. ఊరి స్థాయిలో గొడవ భూమి గురించో, నీటి గురించో, దారి గురించో ఉంటుంది. ఒక్కో ఊరికి ఒక పట్టిక వేయండి: తగువు దేని మీద, తుపాకులు ఎవరివి, ఆ కమాండర్ ఎవరి మాట వింటాడు, రోడ్డు మీద వసూళ్లు ఎవరివి. చివరి గడి ఖాళీగా వదలకండి. గొడవ ఆగితే నష్టపోయేవాడు అక్కడే కనిపిస్తాడు.

ఇక కాల్పుల విరమణ పత్రం. బృందాలు తొందరపడేది ఇక్కడే. ‘12వ తేదీ అర్ధరాత్రి నుంచి’ అని రాస్తే ఒకరికి అది 11 దాటిన రాత్రి, ఇంకొకరికి 12 దాటిన రాత్రి. 00:01 అనో 23:59 అనో రాసి, ఏ గడియారం ప్రకారమో చేర్చండి. మ్యాపు ఇద్దరికీ ఒకే ముద్రణది, ఒకే స్కేలుది ఉండాలి. 1948 నవంబరులో జెరూసలేంలో ఇజ్రాయెల్ కమాండర్ మోషే దయాన్, జోర్డాన్ వైపు కమాండర్ అబ్దుల్లా ఎల్-తెల్ 1:20,000 మ్యాపు మీద మైనపు పెన్సిళ్లతో గీతలు గీశారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం గీత నేల మీద 60 నుంచి 80 మీటర్లు. ఇళ్లు, వీధులు ఆ గీత కిందే పడిపోయాయి, అవి ఎవరివన్న తగువు ఏళ్ల తరబడి నడిచింది. అందుకే గీతను నమ్ముకోకండి. మలుపు మలుపుకీ అక్షాంశ రేఖాంశాలు రాసి, ఇరుపక్షాల అధికారులతో నడిచి చూసి, ప్రతి షీటు మీదా ఇద్దరి సంతకం తీసుకోండి.

ఉల్లంఘన అంటే ఏమిటో కూడా విడివిడిగా రాయాలి. కాల్పులొక్కటే కాదు. కొత్త కందకం, మందుపాతర, డ్రోన్, రాత్రిపూట దళాల కదలిక అన్నీ పేరుపేరునా ఉండాలి. అనువాదాల్లో ఏ భాషది చెల్లుతుందో తేల్చండి. 1967 యుద్ధం తర్వాత భద్రతా మండలి చేసిన 242వ తీర్మానంలో ‘ఆక్రమించిన ప్రాంతాలు’ అన్నచోట ఇంగ్లిషు పాఠానికీ ఫ్రెంచి పాఠానికీ ఉన్న చిన్న తేడా మీద వాదన ఇంకా తెగలేదు.

పర్యవేక్షకుడి పుస్తకంలో తేదీ, సమయం, చోటు, ఎటునుంచి ఎటు అన్నవి ఉండాలి. ‘చూశాను’, ‘విన్నాను’, ‘చెప్పారు’ మూడు వేర్వేరు గడులు. ఇవి కలిసిపోయిన నివేదికను ఇరుపక్షాలూ చించేస్తాయి. ఆ పర్యవేక్షకులు ఏ దేశాలవాళ్లన్నదీ ముఖ్యమే. శ్రీలంకలో 2002 విరమణను నార్డిక్ దేశాలవాళ్లు చూసేవారు. 2006లో ఐరోపా సమాఖ్య ఎల్‌టీటీఈని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చడంతో, సమాఖ్య సభ్యులైన స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్‌లవాళ్లు వద్దంది ఆ సంస్థ. నార్వే, ఐస్‌లాండ్ మాత్రమే మిగిలాయి.

ఆయుధాల అప్పగింత నమ్మకం మీద జరగదు, మెట్లు మెట్లుగా మార్పిడి మీద జరుగుతుంది. 2005 ఆగస్టు 15న ఇండోనేషియా ప్రభుత్వానికీ, ఆ దేశంలోని ఆచే ప్రాంతపు తిరుగుబాటుదారులకూ హెల్సింకీలో కుదిరిన ఒప్పందంలో, తిరుగుబాటుదారులు అప్పగించాల్సినవి 840 ఆయుధాలని సంఖ్యే రాశారు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు విడతలు. ఒక్కో విడతకు ఇటు ఇండోనేషియా సైన్యంలో బయటి నుంచి వచ్చిన దళాలు కొంత వెనక్కి వెళ్లేవి. తుపాకులను అందరి ముందే కోసేశారు. పనిచేయని తుపాకీ, నాటు తుపాకీ లెక్కలోకి వస్తాయా రావా అన్నది మొదటి విడతకు ముందే తేల్చాలి.

ఎన్నికలు దీని తర్వాతే. అంగోలాలో ప్రభుత్వ, తిరుగుబాటు సైన్యాలను ఇంకా పూర్తిగా రద్దు చేయకుండానే 1992 సెప్టెంబరులో ఓటింగ్ పెట్టారు. ఓడిన పక్షం వెనుక సైన్యం అలాగే ఉంది, వారాల్లోనే యుద్ధం తిరగబెట్టింది. మొజాంబిక్‌లో 1992 ఒప్పందం ఏడాదిలో ఎన్నికలన్నా, సైన్యాలను రద్దు చేసేదాకా ఆగి 1994 అక్టోబరులో జరిపారు. తేదీ జారిందని విరాళాలిచ్చే దేశాలు గొణుక్కుంటాయి. గొణుక్కోనివ్వండి.

వెళ్లిపోయే రోజును మొదటి పత్రంలోనే ఏదో ఒక పనికి ముడిపెట్టండి. ఆచే పర్యవేక్షకులు 2006 డిసెంబరులో స్థానిక ఎన్నికలు అవగానే వెనుదిరిగారు. వెళ్లేముందు ఉల్లంఘనల పుస్తకాలు, మ్యాపులు, ఇరువైపుల ఫోన్ నంబర్ల జాబితా ఎవరికి అప్పగించారో రసీదు తీసుకోండి.