ఆపిన లైనే కొట్టిందా? ముందు ఎర్త్ రాడ్లు ఎక్కడున్నాయో చూడండి

నేలటూరు థర్మల్ నుంచి బయల్దేరే 400 కేవీ లైన్ల కింద, స్విచ్‌యార్డుల్లో పనిచేసే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఒళ్లు జివ్వుమంటోంది, రేడియేషనా?" ఎర్త్ చూశారా అని అడిగితే జవాబుండదు.

ఇనుము తాకగానే చురుక్కుమంటోంది

పైతీగల విద్యుత్ క్షేత్రం వల్ల మీ ఒంట్లోనో, టైర్ల మీద నిలబడ్డ క్రేనులోనో వోల్టేజీ పుడుతుంది. రబ్బరు దాన్ని నేలలోకి పోనివ్వదు. క్రేనుకీ లారీకీ ఎర్త్ తీగ కట్టండి. ఎర్త్ చేసిన స్ట్రక్చర్‌ని వేలికొసతో కాకుండా అరచేత్తో గట్టిగా పట్టుకుంటే చురుకు తగ్గుతుంది. ఆ చురుకు చిన్నదే, కానీ పైన ఉలిక్కిపడితే మనిషి పడిపోతాడు. బెల్టు తగిలించే ఎక్కండి.

ఎల్‌సీ (లైను ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకున్న లైనే కొట్టింది

ఇది నాకు జరిగింది. ఒకే టవర్ల మీద రెండు 220 కేవీ సర్క్యూట్లు. ఒకటి ఆపారు, రెండు సబ్‌స్టేషన్లలోనూ ఎర్త్ స్విచ్ వేశారు. రెండోదాంట్లో కరెంటు పోతానే ఉంది. రెండు చివర్లా ఎర్త్ ఉందిగదా అని, తీగని టవర్‌కి కలుపుతూ తగిలించిన ఎర్త్ రాడ్ తీసేసి, జంపరు (టవర్ దగ్గర అటూ ఇటూ తీగల్ని కలిపే ముక్క) విప్పాను. విప్పిన రెండు కొసల మీదా చెరో చేయి. ఒక్క దెబ్బకి బెల్టుకి వేలాడాను. ఆ రోజు బెల్టు లేకపోతే ఈ మాట రాసేవాణ్ణి కాదు.

పక్క సర్క్యూట్‌లోని కరెంటు చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఆపిన తీగలో వోల్టేజీ పుట్టిస్తుంది. చివర్లు ఎర్త్ అయినంతసేపూ అది తీగలో కరెంటుగా తిరుగుతుంటుంది. మధ్యలో జంపరు విప్పగానే ఆ దారి తెగి, వోల్టేజీ అంతా ఆ ఖాళీ మధ్యకి చేరుతుంది. పొద్దున ఏమీ కాలేదు గదా అనొద్దు. పక్క లైన్లో లోడు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. రాడ్ ఒకసారి తాకించి తీస్తే ఛార్జి పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. పక్క లైన్ బతికున్నంతసేపూ అది మళ్లీ పుడుతూనే ఉంటుంది.

విప్పబోయే చోటికి అటూ ఇటూ, మూడు ఫేజులకీ, రాడ్లు ముందే వేయండి. అన్నీ ఆ టవర్‌కే బిగించాలి. మొదట టవర్ వైపు క్లాంపు, తర్వాత తీగ వైపు. తీసేటప్పుడు తీగ వైపే ముందు. ఆఖరి మనిషి దిగేదాకా రాడ్ కదలకూడదు. దెబ్బ తిన్నవాడు బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.

తలనొప్పి, నీరసం

మే నెలలో ఒంగోలు ఎండలో, ఇనుము మధ్య ఎనిమిది గంటలు పనిచేస్తే వచ్చే తలనొప్పిని క్షేత్రం మీద నెట్టొద్దు. నీళ్లు, నీడ, కాసేపు విశ్రాంతి ముందు. 50 హెర్ట్జ్ దగ్గర పనివారికి అంతర్జాతీయ మార్గదర్శకం 2010లో పెట్టిన హద్దులు విద్యుత్ క్షేత్రానికి మీటరుకి 10 కిలోవోల్టులు, అయస్కాంత క్షేత్రానికి 1000 మైక్రోటెస్లా. అనుమానముంటే కొలిపించండి.

మిగతావి

క్యాన్సర్ భయం: 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తక్కువ పౌనఃపున్య అయస్కాంత క్షేత్రాలని 2బి, అంటే 'కారణం కావచ్చేమో' అనే వర్గంలో పెట్టింది. దానికి ముఖ్య ఆధారం పిల్లల లుకేమియా మీద జరిగిన అధ్యయనాలు, యార్డు పనివారివి కావు. కళ్లలో మెరుపులు కనపడాలంటే మన యార్డులో ఉండేదానికన్నా చాలా బలమైన క్షేత్రం కావాలి. మెరుపులు కనపడుతుంటే కంటి డాక్టరుకి చూపించండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గుండె డాక్టరు రాసిచ్చాకే యార్డు గేటు దాటాలి.